మేయో మామ్మల వంటిళ్లు

ఐర్లండుకి పడమటి తీరాన మేయో అనే కౌంటీ ఉంది. వాన, గాలి, గొర్రెలు, బురదనేలలు, ఈ నాలుగింటికీ అక్కడ లోటు లేదు. ఆ కౌంటీలో ఒక వృద్ధుల హోమ్‌లో కొన్నేళ్లు కేరర్‌గా పనిచేశాను. ఎక్కువగా రాత్రి డ్యూటీలే. పొద్దున ఏం తిన్నారో గుర్తులేనివాళ్లు, కన్నకొడుకు వచ్చి మంచం పక్కన కూర్చుంటే "ఈ అబ్బాయి ఎవరి తాలూకు?" అని నన్నడిగేవాళ్లు, తమ చిన్నప్పటి ఇంట్లో ఉప్పు ఎక్కడ ఉండేదో మాత్రం తడుముకోకుండా చెప్పేవారు. పొయ్యి పక్కన గోడలో చిన్న గూడు. ఉప్పుకి చెమ్మ తగలకుండా అందులో పెట్టేవారు. ఉప్పు పక్కనే తాతగారి పొగాకు, మట్టి పైపు.

హోమ్‌లో ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలవాలి. అక్కడ అదే మర్యాద. ఎనభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవాలంటే మొదట్లో నాకు నోరు పెగిలేది కాదు. పైకి పేరే పలికినా లోపల మామ్మగారు, తాతగారు అనే అనుకునేదాన్ని. ఇక్కడా అలాగే రాస్తాను. ఎలాగూ పేర్లు బయటపెట్టే ఉద్దేశం లేదు.

వాళ్లంతా ఇంచుమించు 1920లలో, 30ల మొదట్లో పుట్టినవాళ్లు. ఒక తాతగారు బడిలో చదువుకునే రోజుల్లో ఊళ్లో ముసలివాళ్ల దగ్గర కూర్చుని పాత సంగతులు అడిగి రాసుకొచ్చారట. అది మాస్టారి సరదా కాదు. 1937 నుంచి 1939 వరకు ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ దేశమంతటా దాదాపు అయిదు వేల బడుల్లో పిల్లలచేత ఆ పని చేయించింది. సుమారు యాభై వేలమంది పిల్లలు అమ్మమ్మలనీ నాయనమ్మలనీ అడిగి పాత ఇళ్లు, తిళ్లు, మందులు, దయ్యాల కథలు నోటుపుస్తకాల్లోకి ఎక్కించారు. ఇప్పుడవి 'దూఖస్' అనే వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. మన దగ్గర కూడా ఎవరైనా ఆ కాలంలోనే బడిపిల్లల చేతికి పలక బదులు ఈ పని ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ ఉక్రోషంగా ఉంటుంది.

సరే, ఇల్లు. పోస్టుకార్డుల మీద కనిపించే తెల్లటి గడ్డికప్పు ఇల్లు చూసే ఉంటారు. మూరన్నర మందాన రాతిగోడలు, చిన్న చిన్న కిటికీలు. ఇల్లు ఎంత పొడుగున్నా వెడల్పు ఒక గదే. మధ్యలో వంటిల్లు, దానికి చెరోవైపు ఒక పడకగది. వంటిల్లంటే వంట చేసుకునే చోటు మాత్రమే కాదు. తినడం, చదవడం, ప్రార్థన, పేకాట, పెళ్లి చూపులు, శవజాగరణ, అన్నీ అక్కడే. కప్పు మీద ముందుగా గడ్డి వేళ్లతో సహా చెక్కి తీసిన మట్టిపొరలు పరుస్తారు. వాటి మీద ఓట్స్ గడ్డో, రై గడ్డో. సముద్రం పక్క ఊళ్లలో ఇసుకతిన్నెల మీద మొలిచే గరుకు గడ్డి కోసుకొచ్చేవారు. అట్లాంటిక్ గాలి మామూలు గాలి కాదు. కప్పు లేచిపోకుండా దాని మీదుగా అడ్డంగా నిలువుగా తాళ్లు లాగి, చూరు కింద గోడలో దించిన రాతి మేకులకు బిగించేవారు. ఆ తాళ్లూ గడ్డితో పేనినవే.

గోడలకి ఏటా సున్నం. ముఖ్యంగా 'స్టేషన్స్' వంతు వచ్చినప్పుడు. ఊళ్లో ఇళ్లన్నీ వంతులవారీగా ఫాదర్ గారిని పిలిపించి తమ వంటింట్లోనే పూజ చేయించుకుంటాయి, చుట్టుపక్కలవాళ్లంతా వస్తారు. ఇక ఆ ఇంటి ఇల్లాలికి నెల ముందు నుంచే కాళ్లు చేతులు ఆడవు. గోడలకి సున్నం, తలుపులకి రంగు, డ్రెస్సర్ మీద పళ్లేలన్నీ దించి కడగడం, పేడకుప్ప దూరంగా జరిపించడం. "దేవుడి కోసమా, పక్కింటావిడ కోసమా?" అని ఒక మామ్మగారిని అడిగాను. "ఫాదర్‌కి కళ్లు సరిగ్గా కనిపించవు. పక్కింటావిడకి బాగా కనిపిస్తాయి" అన్నారు.

వీధి తలుపుకి బయటివైపు సగం ఎత్తులో ఇంకో తలుపు. దాన్ని హాఫ్ డోర్ అంటారు. పగలంతా పెద్ద తలుపు బార్లా తీసే ఉంటుంది, ఈ సగం తలుపు మాత్రం వేసుంటుంది. కోళ్లు లోపలికి రావు, పాకే పిల్లలు బయటికి పోరు, వెలుతురూ గాలీ వస్తాయి. దాని మీద మోచేతులు ఆనించి దారిన పోయేవాళ్లతో మాట్లాడటం ఒక కాలక్షేపం. మా ఊళ్లో అరుగు ఎందుకుందో ఆ సగం తలుపు అక్కడ అందుకే ఉంది.

ఇక పొయ్యి. ఆ ఇళ్లలో పొయ్యి ఆరదు. మాట వరసకి అనడం కాదు, నిజంగానే ఆరనివ్వరు. పగలంతా మండుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక ఇల్లాలు దాన్ని కప్పిపెడుతుంది. తీరం వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారు నిద్రపట్టని రాత్రి మంచం మీద కూర్చుని అదెలాగో నాకు దుప్పటి మీద చేసి చూపించారు. దుప్పటిని రెండు చేతులతో దగ్గరికి లాగి చిన్న గుట్ట చేశారు. అవి నిప్పులు. కళ్లజోడు పెట్టె, రుమాలు, జపమాల సంచి తీసి చుట్టూ నిలబెట్టారు. అవి కొత్త టర్ఫ్ ముక్కలు, అంటే అక్కడ పొయ్యిలో కట్టెల బదులు వేసేవి. తర్వాత అరచేతిని వెల్లకిలా పెట్టి, పారతో తోసినట్టు బూడిదని మెల్లగా మీదికి ఎక్కించారు. అంచులు నొక్కారు. ఎక్కడైనా ఎరుపు కనిపిస్తోందా అని తలవంచి చూశారు. ఆ చూడటం నాకు మరీ గుర్తు. ఎదురుగా ఉన్నది హోమ్ వాళ్ల నీలం దుప్పటి, ఆవిడ మాత్రం అందులో నిప్పు కోసం వెతుకుతున్నారు. పెదాలు కదిలాయి. ఐర్లండు వాళ్లు కొలిచే పునీతురాలు సెయింట్ బ్రిజిడ్‌ని తలుచుకుని, ఇంటినీ ఇంట్లో పడుకున్నవాళ్లనీ తెల్లారేదాకా కాయమని వేడుకునే ప్రార్థన అది. నివురుగప్పిన నిప్పు అని మనం ఊరికే అనేస్తుంటాం. దాన్ని రోజూ రాత్రి చేత్తో చేసిన మనిషిని అప్పుడే చూశాను.

టర్ఫ్ అంటే బురదనేలల్లో వేల ఏళ్లుగా కుళ్లి పేరుకున్న నాచు, గడ్డి. దాన్ని ఇటుకల సైజులో కోసి ఎండబెడతారు. మన పిడకలకి దూరపు చుట్టం అనుకోండి. పొగ వాసన మాత్రం వేరు, ఒకసారి పీల్చితే కోటుకి పట్టుకుని వదలదు. కొడుకు పెళ్లయి వేరే ఇల్లు కట్టుకుంటే కొత్త పొయ్యిలోకి తల్లిదండ్రుల పొయ్యిలోంచి నిప్పులు తీసుకెళ్లి రాజేసేవారు. అలా చూస్తే ఒక్కో ఊరి నిప్పు ఎన్ని తరాల నాటిదో ఎవరు చెప్పగలరు?

పొయ్యి పక్కన ఇనప కమ్మి ఒకటి, ఇటూ అటూ తిరిగేది. దానికి కొక్కేలు, కొక్కేలకి కుండలు. మంట ఎక్కువైతే కుండని పైకి తగిలిస్తారు, సరిపోకపోతే కిందికి. మూడు కాళ్ల నల్లటి ఇనప కుండలో బంగాళదుంపలు ఉడికేవి. అవి ఉడికాక నీళ్లు వార్చి, వెడల్పాటి గంపలో పోసి అందరూ చుట్టూ కూర్చునేవారు. చేత్తో తొక్క ఒలుచుకోవడం, ఉప్పు అద్దుకోవడం, మజ్జిగ తాగడం. ఉంటే ఉప్పుచేప. అదే కుండలో తర్వాత పందికీ కోళ్లకీ ఉడికించేవారు.

రొట్టెకి వేరే పాత్ర. బాస్టిబుల్ అంటారు, అడుగు చదునుగా ఉండే మూతగల ఇనప గిన్నె. పిండి, వంటసోడా, ఉప్పు, మజ్జిగ, అంతే. ఎక్కువ పిసికితే రొట్టె రాయి అవుతుందట. పైన కత్తితో శిలువ గుర్తు గీసి, గిన్నెలో పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేవారు. పైనా కిందా వేడి. "ఎంతసేపు?" అని అడిగితే ఏ మామ్మగారూ నిమిషాల్లో చెప్పలేదు. రొట్టె తీసి వెనక వేళ్లతో తడితే డొల్ల మోత రావాలి, అప్పుడు అయినట్టు. నేను హోమ్ వంటింట్లో ఓవెన్‌లో ప్రయత్నిస్తే వాళ్లు మర్యాదకి తిన్నారు.

టర్ఫ్ కోయడం మగవాళ్ల పని. తాతగార్లకి దాని గురించి మాట్లాడుతుంటే కళ్లు మెరిసేవి. వసంతకాలం చివర్లో పొడి రోజులు చూసుకుని బయల్దేరేవారు. స్లేన్ అనే పక్క రెక్క ఉన్న పారతో ఒకడు కోస్తుంటే, ఇంకొకడు ఆ తడి ముక్కలు అందుకుని పరిచేవాడు. కాస్త ఆరాక ఆడవాళ్లూ పిల్లలూ వచ్చి నడుం వంచి నాలుగైదు ముక్కలు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టేవారు, గాలి ఆడాలని. గాడిద మీద గంపలకెత్తి ఇంటికి తెచ్చి గోడ పక్కన పేర్చేవారు. సీసాలో టీ పోసి, చల్లారకుండా ఉన్ని మేజోడులో దూర్చి తీసుకెళ్లేవారట. ఆ టీ రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదని ఒక తాతగారు ప్రమాణం చేసినట్టు చెప్పేవారు. అది మేజోడు మహిమేమో అని పక్క గది తాతగారు ఏడిపించేవారు.

చలికాలం రాత్రుళ్లు ఊళ్లో ఒక ఇంట్లో అందరూ చేరేవారు. ఎవరూ పిలవరు, తలుపు తట్టరు, వచ్చి కూర్చుంటారు. పేకాటలో 'ఇరవై అయిదు' అనే ఆట, ఫిడేలు, కథలు. పెద్ద కథలు నవంబరు నుంచి మే దాకానే, పొలం పనులుండే రోజుల్లో కథలేమిటని. కొన్నిచోట్ల నేల మీద డాన్సు చేస్తే చప్పుడు బాగా మోగాలని పొయ్యి ముందు రాతిపలక కింద గుర్రం పుర్రె పాతేవారని చెబితే నేను నమ్మలేదు. తర్వాత చదివితే నిజమే. పగలు బెంచీలా ఉండి రాత్రి పెట్టెలా తెరుచుకునే సెటిల్ బెడ్‌లో పడుకున్న పిల్లలు నిద్ర నటిస్తూ అన్నీ వినేవారు. దయ్యాల కథ అయ్యాక వచ్చినవాళ్లు చీకట్లో ఇంటికెళ్లాలి కదా, వాళ్లకి ఒక మండే టర్ఫ్ ముక్క చేతికిచ్చి పంపేవారు.

వెన్న సంగతి చెప్పకపోతే మా అమ్మ ఒప్పుకోదు. ఫోన్‌లో ఆవిడకి చెప్పినవాటిలో ఆవిడకి నచ్చింది ఇదే. పొడుగాటి కర్ర పీపాలో మీగడ పోసి, మూత కన్నంలోంచి దూర్చిన కర్రని పైకీ కిందికీ ఆడిస్తూ చిలికేవారు. ఆ సమయంలో ఎవరు ఇంట్లోకి వచ్చినా "దేవుడు ఈ పనిని దీవించాలి" అని, కర్ర పట్టుకుని కాసేపు చిలికి గాని వెళ్లకూడదు. చిలక్కుండా వెళ్లాడంటే వాడు వెన్న పట్టుకుపోయినట్టే. మే నెల మొదటి రోజున అయితే ఎవరికీ పాలు ఇవ్వరు, నిప్పు ఇవ్వరు. ఇస్తే ఆ ఏడంతా ఇంట్లో వెన్న పడదు. దీపాలు పెట్టాక ఉప్పూ పెరుగూ చేబదులు ఇవ్వకూడదని మా అమ్మమ్మ పట్టుబట్టేది, అడగొచ్చినవాళ్లు చిన్నబుచ్చుకున్నా సరే. అమ్మ అంతా విని, "అయితే వాళ్లూ మనుషులే" అంది.

ఇంతవరకూ చదివి ఎంత చక్కటి బతుకో అనుకుంటే ఆగండి. హోమ్‌లో నేను గమనించింది ఒకటుంది. పాత ఇంటి గురించి కళ్లు చెమర్చుకుని మాట్లాడేది ఎక్కువగా తాతగార్లే. పొయ్యి, ఫిడేలు, టర్ఫ్ పొగ. మామ్మగార్లు కూడా చెప్పేవారు, కానీ కాసేపటికి మాట బకెట్ మీదికి మళ్లేది. నీళ్ల బకెట్. బావి ఇంటికి దగ్గరుంటే అదృష్టం, లేకపోతే పొలాల మీదుగా నడక. వంటకి, తాగడానికి, పశువులకి, పిల్లల స్నానాలకి, సోమవారం బట్టలకి. బట్టలు పెద్ద కుండలో మరిగించడం, గట్టుకి బాదడం, నీలిమందు పెట్టడం, ఆరేసేలోపు వాన. పిండి వచ్చిన తెల్లటి సంచులు విప్పి ఉతికి దుప్పట్లు, దిండుగలీబులు, లోబట్టలు కుట్టేవారు. మిల్లు పేరు ఎంత ఉతికినా ఓ పట్టాన పోయేది కాదు. ఒక మామ్మగారు పెళ్లయిన కొత్తలో తన లోపలి లంగా మీద మిల్లు పేరు ఉండేదని చెప్పి పడీ పడీ నవ్వారు.

ఇల్లాలి చేతిలో తనదంటూ ఆడే డబ్బు గుడ్ల డబ్బు ఒక్కటే. వారానికోసారి బండి మీద కొట్టువాడు వచ్చేవాడు. గుడ్లిచ్చి టీ పొడి, పంచదార తీసుకోవడం, మిగిలితే దాచుకోవడం.

కరెంటు వచ్చిన కథ అక్కడ అందరికీ నోటికి వచ్చు. షానన్ నది మీద ఆర్డ్‌నక్రషా విద్యుత్కేంద్రం 1929లోనే మొదలైనా పల్లెలకి తీగ రాలేదు. పల్లెల పథకంలో మొదటి స్తంభం 1946 నవంబరు 5న డబ్లిన్ కౌంటీలోని కిల్‌సలహన్‌లో పాతారు. మారుమూల లోయలకి చేరేసరికి 1970లు వచ్చేశాయి. ఎక్కువ ఇళ్లు ఒప్పుకున్న చోటికి ముందు వేస్తామన్నారు. ఇంటి వైశాల్యాన్ని బట్టి కట్టాల్సిన డబ్బు ఒకటి ఉండటంతో ముసలివాళ్లు చాలామంది గొణిగారు. గడ్డికప్పు అంటుకుంటుందని కొందరి భయం. తీరా స్విచ్ వేస్తే మొదట కనిపించింది బూజు. ఆరిపోని పొయ్యి పొగకి దూలాలన్నీ నల్లగా ఉన్నాయని లాంతరు వెలుగులో ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. తీగ వచ్చిన మర్నాడు ఊళ్లో ఆడవాళ్లంతా చీపుర్లు పట్టుకున్నారని ఒక మామ్మగారు చెప్పారు.

కుళాయి ఇంకా ఆలస్యం. 1960ల మొదట్లో కూడా చాలా పల్లె ఇళ్లకి కుళాయి లేదు. ఐరిష్ కంట్రీవిమెన్స్ అసోసియేషన్ అనే ఆడవాళ్ల సంఘం దానికోసం గట్టిగా పోరాడింది. పైపులు వేస్తే పన్ను పెరుగుతుందని వద్దన్న రైతులు ఉన్నారు. నీళ్లు మోసింది వాళ్లు కాదు కదా మరి. ఈ ముక్క నేను అనలేదు, మా మామ్మగారొకరు అన్నారు, అదీ భోజనాల బల్ల దగ్గర, తాతగార్లందరూ వింటుండగా.

ఇంకో సంగతి. కొడుకు పెళ్లి చేసుకుని కోడలు వచ్చినప్పుడు ముసలివాళ్లు ఇల్లు వాళ్లకి వదిలి పొయ్యి వెనక ఉండే పడమటి గదిలోకి మారేవారు. పొయ్యి గోడ అటువైపు కాబట్టి వెచ్చగా ఉంటుంది, ఇంట్లో మంచి బొమ్మలు, పటాలు కూడా అక్కడే. ఊరికే మారరు, లాయరు దగ్గర కాగితం. ముసలిదంపతులకి ఆ గదిలో ఉండే హక్కు, తిండి, ఒక ఆవుకి మేత, ఇలా అన్నీ రాయించుకునేవారు. ప్రేమ ఉంటే కాగితం ఎందుకు అని నేను అడిగాను, కొంచెం ఎక్కువ తెలిసినట్టు. "ప్రేమ ఉన్నప్పుడే రాయించుకోవాలమ్మాయీ" అన్నారు తీరం మామ్మగారు. ఆవిడ అత్తగారు పడమటి గదిలో ఇరవై ఏళ్లు ఉన్నారట. ఆవిడ వంతు వచ్చేసరికి కొడుకు కొత్త బంగళా కట్టాడు. అందులో పడమటి గది లేదు. హోమ్‌లో ఆవిడ కిటికీ పడమరకే ఉండేది, ఆ మాట నేను ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

ఇళ్లు ఖాళీ అయింది కరెంటు వల్లా కుళాయి వల్లా కాదు. పిల్లలు వెళ్లిపోయారు. పూర్వం అమెరికా వెళ్లేవాడి కోసం ముందు రాత్రి ఇంట్లో తెల్లవార్లూ ఆటా పాటా ఏడుపూ ఉండేవి. దాన్ని చనిపోయినవాళ్ల జాగరణ పేరుతోనే పిలిచేవారు. వెళ్లినవాడు మళ్లీ కనపడడని అందరికీ తెలుసు. తర్వాతి కాలంలో ఇంగ్లండుకి. 1950లలోనే నాలుగు లక్షలమందికి పైగా దేశం వదిలారు. మేయోలో ఇప్పటికీ కప్పు కూలిన రాతి ఇళ్లు పొలాల మధ్య నిలబడి ఉంటాయి, లోపల ఆవులు. పదో తరగతి నుంచే పిల్లల్ని బయటి దేశానికి తయారుచేసే ప్రాంతం నుంచి వచ్చినదాన్ని కాబట్టి ఆ గోడలు చూస్తే నాకు కొంచెం గిల్టీగా ఉండేది.

క్యాజిల్‌బార్ దగ్గర టర్లోలో నేషనల్ మ్యూజియం వాళ్ల పల్లెజీవన మ్యూజియం ఉంది, 2001లో తెరిచారు, ప్రవేశం ఉచితం. ఒకసారి హోమ్ మినీబస్సులో నడవగలిగినవాళ్లని తీసుకెళ్లాం. అటు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే తప్పకుండా చూడండి, కుదిరితే ఎనభై దాటిన మనిషిని వెంటబెట్టుకుని చూడండి. అద్దాల వెనక ఉన్న గడ్డి కుర్చీలు, గంపలు, చిలికే పీపాలు చూసి తాతగార్లు గుంపుగా ఆగిపోయారు. ఈ తాడు పేనిన తీరు మా వైపుది కాదని ఒకరు, కాదు మీవైపుదేనని ఇంకొకరు, ఒకటే వాదన. తీరం మామ్మగారు మాత్రం వాకర్ తోసుకుంటూ ఏదో వెతుకుతున్నట్టు ముందుకు పోయారు. ఏం కావాలని అడిగాను.

"నీళ్ల బకెట్ ఏమైనా పెట్టారా ఇక్కడ?"

"ఎందుకండీ?"

"ఉంటే ఓ తన్ను తన్నుదామని" అని, టీ ఎక్కడ ఇస్తారో కనుక్కోమన్నారు.